‘వారసత్వ దినాలు’ అనవచ్చా? ‘మ్యూజియం’కు ఏ మాట?

ప్రశ్న: ఇంగ్లండులో ఏటా సెప్టెంబరులో జరిగే హెరిటేజ్ ఓపెన్ డేస్ కోసం ఒక చిన్న మ్యూజియం కరపత్రాన్ని తెలుగులో పెట్టాలి. ‘వారసత్వ బహిరంగ దినాలు’ అని ఒక ముసాయిదా వచ్చింది. చదివితే ఎక్కడో తేడా కొడుతోంది. లోపల కూడా మ్యూజియం, లోన్, రెప్లికా, యాక్సెషన్ నంబర్ వంటి మాటలున్నాయి. ఏం వాడాలో చెప్పండి.

జవాబు: తేడా రెండుచోట్ల ఉందండి. ‘బహిరంగ’ అనగానే మనకు బహిరంగ సభ, బహిరంగ మార్కెట్ గుర్తొస్తాయి. ఆరుబయట అనో, గుట్టు లేనిది అనో అర్థమవుతుంది. ఇక్కడ ‘ఓపెన్’ అంటే అది కాదు. మామూలుగా తాళం వేసి ఉండే గదులను, డబ్బు తీసుకుని చూపించే చోట్లను ఆ కొద్ది రోజులు ఉచితంగా చూడనిస్తారు. ఈ ఆనవాయితీ ఫ్రాన్సులో 1984లో మొదలైంది, ఇంగ్లండుకు 1994లో వచ్చింది. స్కాట్లండులో పేరే ‘డోర్స్ ఓపెన్ డేస్’, వేల్సులో ‘ఓపెన్ డోర్స్’. అసలు సంగతి తలుపులదే.

రెండోది ‘దినాలు’. ‘దినోత్సవం’లో ఇబ్బంది లేదు కానీ, బహువచనంలో ఒంటరిగా ‘దినాలు’ అంటే దినవారాలు, పెద్దదినం తలపుకొస్తాయి. వారసత్వం పక్కన ఆ మాట మరీ ఎబ్బెట్టు, ఎవరో పోయాక ఆస్తి పంచుకుంటున్నట్టు ఉంటుంది. ‘రోజులు’ అనండి. ‘వారసత్వ సందర్శన రోజులు’ అని శీర్షిక పెట్టి, కిందనే ‘మామూలుగా మూసి ఉండే గదులు కూడా చూడవచ్చు, ప్రవేశం ఉచితం’ అని రాస్తే చాలు. ఉచితమన్న సంగతిని శీర్షికలో ఇరికించక్కర్లేదు.

మరో జవాబు: ‘వారసత్వం’ సంస్కృతం కాదు కాబట్టి మార్చాలని ఎవరైనా అంటే వినకండి. అరబ్బీ ‘వారిస్’ నుంచి వచ్చిన వారసుకు సంస్కృత ప్రత్యయం ‘త్వం’ తగిలించుకుని మన భాషలో స్థిరపడిపోయిన మాట అది. ‘రిక్థం’ అని రాస్తే నిఘంటువు తీయాలి.

మ్యూజియం గురించి కాస్త ఎక్కువ చెప్పాలి. ‘ప్రదర్శనశాల’ అంటే చాలామందికి ముందు తోచేది జంతుప్రదర్శనశాల. ‘పురావస్తుశాల’ అంటే తవ్వకాల్లో దొరికినవే ఉన్నాయనుకుంటారు. ఊరి చిన్న మ్యూజియంలో బట్టలు పిండే మర, టైపురైటరు, బడి హాజరు పట్టీ ఉంటాయి. అవి పురావస్తువులు కావు. ‘సంగ్రహాలయం’లో భావం సరైనదే. కానీ తెలుగులో ‘సంగ్రహంగా’ అంటే క్లుప్తంగా అని, ‘సంగ్రహించాడు’ అంటే ఒక్కోసారి కాజేశాడని కూడా అర్థం.

అయినా ప్రదర్శనకూ సేకరణకూ ఉన్న తేడా వదిలేయకూడదు. మ్యూజియంలో రెండు భాగాలుంటాయి: అద్దాల బీరువాల్లో పెట్టి చూపించేది ప్రదర్శన, లోపలి గదుల్లో అరల మీద దాచేది సేకరణ. ఏడాది పొడుగునా జనం చూసేది మొదటిదే. ఇలాంటి రోజుల్లో చాలాచోట్ల ఆ లోపలి గది తెరుస్తారు. కరపత్రంలో ‘ప్రదర్శన చూడండి’ అని రాస్తే, ఎప్పుడూ ఉండేదే కదా అని చాలామంది రారు. భవనానికి ‘మ్యూజియం’ అనే ఉంచండి, అందరికీ తెలిసిన మాట. లోపలి గదికి ‘సేకరణ గది’ అనండి.

అడిగినవారు: సేకరణ గదిలో వస్తువుల మీద 1974.12.3 వంటి అంకెలుంటాయి. ఆ యాక్సెషన్ నంబర్‌కు ‘ప్రవేశ సంఖ్య’ సరిపోతుందా?

జవాబు: వద్దండి, ప్రవేశం అంటే టికెట్టు అనుకుంటారు. ‘చేర్పు సంఖ్య’ మేలు. కింద ఒక వాక్యం విధిగా పెట్టండి: ‘1974 అంటే వస్తువు మ్యూజియంలో చేరిన ఏడాది, తయారైన ఏడాది కాదు.’ చూసేవారు ఎక్కువగా పొరబడేది ఇక్కడే. ఈ పద్ధతిలో 12 ఆ ఏడాది వచ్చిన పన్నెండో విడత, 3 ఆ విడతలో మూడో వస్తువు. ఆ అంకెను నేరుగా వస్తువు మీద రాయరు. ముందు పారలాయిడ్ బి-72 వంటి పారదర్శక పూత పలచగా వేసి, ఆరాక దాని మీద సిరాతో రాసి, పైన మరో పూత వేస్తారు. అవసరమైతే ద్రావకంతో తుడిచేయవచ్చు, వస్తువుకు మరక అంటదు. బట్టలకైతే నూలు నాడా మీద రాసి, రెండు కుట్లతో అంచు లోపల కుడతారు.

మరో జవాబు: రెప్లికాకు ‘నకలు’ అనండి, ‘నకిలీ’ అనకండి. రెండూ ఒకే అరబ్బీ మూలం నుంచి వచ్చినా దారులు వేరయ్యాయి. నకలు చెప్పి చేసేది, నకిలీ చెప్పకుండా చేసేది. అక్షరాల్లో ఆ చిన్న తేడాతో మ్యూజియం మోసం చేసినట్టవుతుంది.

లోన్‌కు ‘అప్పు’ పొసగదు. అప్పు తీర్చేటప్పుడు అదే నోటు ఇవ్వం. ‘బదులు’ తెచ్చిన చక్కెర కూడా అంతే, అంతకు అంత కొలిచి ఇస్తాం. తెచ్చిన వస్తువునే తిరిగి ఇవ్వాల్సినప్పుడు తెలుగులో ‘ఎరవు’ ఉంది, పెళ్లికి తెచ్చుకున్న నగలాగా. మ్యూజియం లోన్ సరిగ్గా అదే. ‘ఎరువు’ అని కూడా రాస్తారు కానీ, ఇప్పుడు అది పొలానికి వేసేదే. ‘ర’కు కొమ్ము పడకుండా అచ్చు దిద్దండి.

అడిగినవారు: ‘లాస్ట్ ఎంట్రీ 3.30’ అన్నదాన్ని ‘3.30 వరకు’ అని రాశారు.

జవాబు: అది తప్పండి. 3.25కు వచ్చినవారు అయిదు నిమిషాల్లో బయటికి పంపేస్తారనుకుని వెనక్కి పోతారు. ‘3.30 తర్వాత లోపలికి పంపరు, లోపలున్నవారు 4 వరకు చూడవచ్చు’ అని రెండు సమయాలూ రాయండి. ‘బుకింగ్ అవసరం’ అన్నచోట ‘ముందుగా పేరు నమోదు చేసుకోవాలి’, ‘డ్రాప్ ఇన్’ అన్నచోట ‘నేరుగా రావచ్చు’. సేకరణ గదికి ఒకే ఇరుకు మెట్లదారి ఉంటే విడతకు కొద్దిమందినే పంపుతారు కాబట్టి, నమోదు సంగతి ఆ గది పేరు పక్కనే పెట్టండి, కరపత్రం అడుగున కాదు.

అడిగినవారు: పాత ఉత్తరాలున్న గదికి ‘లో లైట్’ అని ఉంది. ‘వెలుతురు తక్కువ’ అని రాస్తే దీపాలు పాడయ్యాయనుకోరా?

జవాబు: అనుకుంటారు. కాగితం, బట్ట ఉన్నచోట వెలుతురును సాధారణంగా 50 లక్స్ (వెలుతురు కొలత) దాటనివ్వరు. వెలుతురు చేసే చేటు ఏ రోజుకారోజు పోదు, పేరుకుంటుంది. ‘సిరా వెలిసిపోకుండా ఈ గదిలో మసక వెలుతురే ఉంచాం, కళ్లు అలవాటు పడేదాకా రెండు నిమిషాలు ఆగండి’ అని గుమ్మం దగ్గర పెట్టండి.