సమస్య: నవ్వు పేరుగ నూఱేండ్ల నాడు పుట్టె

నిర్వాహకులు:
ఈ వారం ఇచ్చింది తేటగీతి ఛందస్సులో ఒక పాదం. దీన్ని చివరి పాదంగా పెట్టి పద్యం పూర్తి చేయాలి. హీబ్రూలో యిత్స్‌హాక్ అంటే 'అతడు నవ్వును'. అరబ్బీలో ఇస్‌హాక్, ఇంగ్లీషులో ఐజాక్, మన తెలుగు బైబిల్లో ఇస్సాకు. నూరేళ్లకు పుట్టడం ఏమిటో మీరే తేల్చాలి.

గోదారి పిల్ల:
అబ్రహామును శారయు నాత్మ మురియ
తల్లి నవ్విన నవ్వుకుఁ దగిన యట్లు
తండ్రి వయసు నూఱైనట్టి తరిని సుతుడు
నవ్వు పేరుగ నూఱేండ్ల నాడు పుట్టె

నిర్వాహకులు:
నడక హాయిగా ఉందమ్మా. కానీ మూడో పాదంలోనే 'వయసు నూఱైనట్టి' అనేశారు, దాంతో నాలుగో పాదం పునరుక్తి అయింది. ఇస్సాకు పుట్టుక కథలోనూ ఒక చిక్కు ఉంది. బైబిల్ ఆదికాండం 17వ అధ్యాయంలో, కొడుకు పుడతాడన్న దేవుడి మాటకు ముందు నవ్వింది తొంభై తొమ్మిదేళ్ల అబ్రాహాము, అదీ సాగిలపడి. ఇస్సాకు అని పేరు పెట్టమన్న మాట కూడా అక్కడే వచ్చింది. శారా నవ్వు ఆ తర్వాతి అధ్యాయంలోది. గుడారం వాకిట లోలోపల నవ్వుకుని, అడిగితే భయపడి 'నవ్వలేదు' అంది. 'లేదు, నవ్వావు' అని దేవుడి జవాబొచ్చింది. నాకు ఎంతో ఇష్టమైన ఘట్టం అది. పేరును తల్లి నవ్వుకే కట్టేస్తే తండ్రికి అన్యాయం.

గోదారి పిల్ల:
ధన్యవాదాలండీ. సవరించాను.

తండ్రి తొలుత నవ్వె శిరము ధరణి వాల్చి
తల్లి డేరాన నవ్వెను దనకుఁ దానె
తాత వయసు తండ్రికి ముద్దు తనయుడగుచు
నవ్వు పేరుగ నూఱేండ్ల నాడు పుట్టె

నిర్వాహకులు:
భేష్! 'తాత వయసు తండ్రి' అనడంతో ముడి దానంతటదే విడిపోయింది.

ఫిజిక్స్ మాస్టారు:
నాది వేరే దారి. కోపర్నికస్ గ్రంథం వెలువడింది 1543లో.

అల్ల కోపర్నికస్ వ్రాసె నవని తిరుగు
నంచు నొక పొత్త మావల నరుగఁ గాల
మాంగ్ల భూమిని న్యూటను డైజకనఁగ
నవ్వు పేరుగ నూఱేండ్ల నాడు పుట్టె

గోదారి పిల్ల:
మాస్టారూ, న్యూటన్ పుట్టింది 1642 డిసెంబరు 25న కదండీ? ఏడాది తగ్గుతోంది.

ఫిజిక్స్ మాస్టారు:
అది అప్పటి ఇంగ్లండు పాత క్యాలెండర్ లెక్క. కొత్త లెక్కలో 1643 జనవరి 4.

నిర్వాహకులు:
లెక్క సరిపోయింది. మూడో పాదంలో ఆ–ఐ యతి (పాదం మొదటి అక్షరానికి మధ్యలో కుదరాల్సిన పొంతన) కూడా చక్కగా కుదిరింది. అయితే ఆ ఇంట్లో అప్పుడు నవ్వు లేదు. తండ్రి మూడు నెలల ముందే పోయాడు, ఆయన పేరూ ఐజాకే. ప్రొటెస్టంట్ ఇంగ్లండులో పాత నిబంధన పేర్లు బాగా వాడుకలోకి వచ్చిన కాలం అది. తండ్రి లేని బిడ్డకు తండ్రి పేరు దక్కిందన్న సంగతి రెండో పాదంలో ఇమిడితే పద్యం ఇంకా నిలుస్తుంది. ప్రయత్నించండి మాస్టారూ.