ర్యూగెన్ జిల్లా దాదాపు రెండు శతాబ్దాలు నిలిచి 2011లో ఎందుకు రద్దయింది?

ప్రశ్న: నల్లగొండ అధ్యాపకుడు

డిగ్రీ విద్యార్థులకు స్థానిక పాలన బోధిస్తున్న నాకు ఒక సందేహం కలిగింది. మన ఉమ్మడి నల్లగొండ జిల్లా 2016 అక్టోబర్ 11న నల్లగొండ, సూర్యాపేట, యాదాద్రి భువనగిరి జిల్లాలుగా విడిపోయింది. జర్మనీలో మాత్రం కొన్ని దశాబ్దాలుగా జిల్లాలను ఒకదానిలో ఒకటి కలుపుతూ వచ్చారు. బాల్టిక్ సముద్రంలోని ర్యూగెన్ ద్వీపం 1818లో ప్రష్యా ప్రభుత్వం కింద జిల్లాగా ఏర్పడి, రాచరికాన్ని, హిట్లర్ పాలనను, కమ్యూనిస్టు పాలనను దాటుకుని వచ్చి, ఎన్నికైన ప్రభుత్వం ఉన్న కాలంలో రద్దు కావడం నాకు అర్థం కాలేదు. కారణమేమిటి? అక్కడి ప్రజల అభిప్రాయం తీసుకున్నారా? తెలిసినవారు వివరించగలరు.

జవాబు: వనపర్తి విశ్రాంత ఉపాధ్యాయుడు

అధ్యాపకులకు నమస్కారం. ఆ జిల్లా అన్ని కాలాల్లోనూ ఒకే తీరుగా నిలవలేదు. 1648 నాటి వెస్ట్‌ఫాలియా సంధి తరువాత స్వీడన్ ఏలుబడిలో ఉన్న ర్యూగెన్ 1815లో ప్రష్యాకు దక్కింది. మూడేళ్లకు బెర్గెన్ పట్టణం కేంద్రంగా జిల్లా ఏర్పడింది. దాని అధిపతిని లాండ్‌రాట్ అంటారు. ఆ కాలంలో పల్లెల్లో పోలీసు అధికారం సైతం భూస్వాముల చేతిలోనే ఉండేది. 1872 నాటి జిల్లా చట్టం దానిని వారి నుంచి తొలగించింది. దొరల గడీల చరిత్ర తెలిసిన మన ప్రాంతం వారికి ఆ మార్పు ఎంత పెద్దదో వేరే చెప్పనక్కరలేదు.

తూర్పు జర్మనీ ప్రభుత్వం 1952లో రాష్ట్రాలను పక్కనపెట్టి దేశాన్ని 14 పాలనా విభాగాలుగా మలచినప్పుడు ఈ ద్వీపాన్ని బెర్గెన్, పుట్బుస్ అనే రెండు జిల్లాలుగా చీల్చి, రోస్టోక్ విభాగంలో చేర్చింది. ఆ విభజన కొద్ది సంవత్సరాలే నిలిచి, రెండూ మళ్లీ ఒక్కటయ్యాయి. జర్మనీ ఏకీకరణ తరువాత 1994లో మెక్లెన్‌బుర్గ్-ఫోర్‌పొమ్మెర్న్ రాష్ట్రం తన 31 జిల్లాలను 12కు తగ్గించినప్పుడు కూడా, చుట్టూ సముద్రమే ఎల్లగా ఉన్న ర్యూగెన్‌ను కదిలించలేదు. నా దృష్టిలో, దాని హద్దును ప్రభుత్వాల కంటే సముద్రమే ఎక్కువగా కాపాడింది.

జవాబు: సూర్యాపేట న్యాయవాది

మాస్టారు చెప్పినదానికి న్యాయపరమైన భాగాన్ని జోడిస్తాను. అసలు విషయం అందులోనే ఉంది. ఏకీకరణ తరువాత యువత ఉపాధి కోసం పశ్చిమానికి తరలిపోవడంతో ఆ రాష్ట్ర జనాభా తగ్గుతూ వచ్చింది. పాలనా వ్యయం తగ్గించాలన్న ఉద్దేశంతో 2006లో రాష్ట్రం మొత్తాన్ని అయిదు పెద్ద జిల్లాలుగా మార్చే చట్టం తెచ్చారు. 2007 జూలైలో గ్రైఫ్స్‌వాల్ట్‌లోని రాష్ట్ర రాజ్యాంగ న్యాయస్థానం దానిని కొట్టివేసింది. జిల్లా అంటే ప్రభుత్వ కార్యాలయం మాత్రమే కాదు, పౌరులు తమ వ్యవహారాలను తామే నడుపుకునే స్వపరిపాలన సంస్థ. ఉద్యోగాలు చేసుకుంటూనే గౌరవ సభ్యులుగా జిల్లా సభలో పనిచేసేవారు అంత విశాలమైన జిల్లాలో ఆ బాధ్యతను ఎలా నిర్వహించగలరన్న సంగతిని శాసనసభ తగినంతగా తూచలేదన్నదే ఆ తీర్పు సారం. మన జిల్లా పరిషత్తుల గురించి ఆలోచించే ప్రతి ఒక్కరూ చదవదగిన తీర్పు అది.

ఆ తరువాత ఆరు జిల్లాలతో కొత్త చట్టం చేశారు. 2011 సెప్టెంబర్ 4న ర్యూగెన్, నార్డ్‌ఫోర్‌పొమ్మెర్న్ జిల్లాలు, అంతవరకు ఏ జిల్లాలోనూ లేని ష్ట్రాల్జుండ్ నగరం కలిసి ఫోర్‌పొమ్మెర్న్-ర్యూగెన్ జిల్లా అయ్యాయి. కేంద్రం ష్ట్రాల్జుండ్‌కు మారింది. జిల్లా ఉండాలా వద్దా అన్నది ప్రజలను అడగలేదు. కొత్త జిల్లా పేరుపై మాత్రం ఓటు వేయించారు.

ప్రశ్నించినవారి స్పందన: నల్లగొండ అధ్యాపకుడు

కృతజ్ఞతలు మేడం. అయితే మన దగ్గర దూరం తగ్గించడానికి విడదీశారు, వారు ఖర్చు తగ్గించడానికి కలిపారు. ఈ రెంటినీ ఒకే పాఠంలో పోల్చడం న్యాయమేనా?

జవాబు: వనపర్తి విశ్రాంత ఉపాధ్యాయుడు

పరిమాణాలు చెప్పి పోల్చవచ్చు. ర్యూగెన్ జిల్లా విస్తీర్ణం వెయ్యి చదరపు కిలోమీటర్ల లోపే, జనాభా దాదాపు 70 వేలు. మన ఉమ్మడి నల్లగొండ 14,240 చదరపు కిలోమీటర్లు. 2011 లెక్కల ప్రకారం జనాభా సుమారు 35 లక్షలు. ఉమ్మడి పాలమూరు అంతకన్నా విశాలమైనది. గద్వాల నుంచి ఒక ధ్రువపత్రం కోసం మహబూబ్‌నగర్‌కు పోయిరావడానికి రోజంతా పట్టేది. 2016 ఆగస్టులో వెలువడిన ముసాయిదాలో గద్వాల పేరు లేదు. ప్రజలు ఉద్యమించిన తరువాతే తుది జాబితాలో చేరింది. నారాయణపేటకు 2019 దాకా ఆగవలసి వచ్చింది. అక్కడ న్యాయస్థానం చేసిన పనిని ఇక్కడ కొంతవరకు ఆందోళనలు చేశాయని నేను భావిస్తాను. విద్యార్థులకు ఈ తేడాను తప్పక చెప్పండి.

జవాబు: సూర్యాపేట న్యాయవాది

మరొక చిన్న సంగతి. వాహనాల నంబరు పలకలపై జిల్లాను సూచించే అక్షరాలు రాయడం జర్మనీ పద్ధతి. రద్దయిన జిల్లాల అక్షరాలను మళ్లీ వాడుకునేందుకు 2012లో కేంద్ర నిబంధనలు మార్చారు. అందువల్ల కొత్త జిల్లాలో వాహనం నమోదు చేయించుకునేవారు కోరుకుంటే ర్యూగెన్ పాత అక్షరాలనే నేటికీ తీసుకోవచ్చు.