టూరింగ్ కారుకి గాలి షాకులా, స్ప్రింగులా?

కూకట్‌పల్లి_కొత్తోడు
అన్నలూ, నా దగ్గర టామియా టీటీ-02 రిమోట్ కంట్రోల్ కారు ఉంది. కిట్‌లో వచ్చిన ప్లాస్టిక్ ఫ్రిక్షన్ డ్యాంపర్లతో (నూనె లేకుండా ఉత్త రాపిడితో ఊపు ఆపేవి) చిన్న అతుకు తగిలినా కారు గంతులేస్తోంది. నూనె షాకులు, స్ప్రింగుల సెట్టు కొందామనుకుంటే మా ఫ్రెండు "స్ప్రింగులెందుకురా, గాలి షాకులు వేస్కో, పంపు కొట్టి ఎంత గట్టిగా కావాలంటే అంత పెట్టుకోవచ్చు" అంటున్నాడు. ఆదివారం పొద్దున ఖాళీ పార్కింగ్‌లో తారు మీద నడుపుతాం. ఏది తీసుకోమంటారు?

సెల్లార్_శీను
గాలే తమ్ముడూ, ఆలోచించకు. ఏడాదిగా నా పాత కారుకి అవే. స్ప్రింగులైతే మెత్తవి, మధ్యరకం, గట్టివి అంటూ రంగుకొక జత కొనుక్కుంటూ పోవాలి. అవన్నీ బయటి దేశం నుంచి రావాలి, రేటు ఒకటైతే కస్టమ్స్ ఇంకోటి. గాలికి చిన్న పంపు ఒక్కటి చాలు.

అసలు సంగతి వేరే ఉంది. గాలి నొక్కేకొద్దీ గట్టిపడుతుంది. మన పార్కింగుల్లో అతుకులూ పగుళ్ళూ ఎన్నో నీకూ తెలుసు. మొదట మెత్తగా తీసుకుంటుంది, చివర్లో చాసిస్, అదే కారు అడుగు పలక, నేలకి కొట్టుకోకుండా ఆపుతుంది. స్ప్రింగుకి ఆ తెలివి లేదు, మొదటి మిల్లీమీటరూ ఆఖరి మిల్లీమీటరూ దానికి ఒకటే.

న్యూటన్_మామ
శీనూ, ఇదే గొడవ ట్రాక్ దగ్గర నీతో నోటితో పడ్డాను, నెగ్గలేదు. ఈసారి లెక్క వేస్తా.

రేసుకి సిద్ధం చేసిన టూరింగ్ కారు బరువు సుమారు 1,350 గ్రాములు. అంటే చక్రానికి 340 గ్రాములు, 3.3 న్యూటన్లు. షాకు చక్రం కన్నా లోపలికి, వాలుగా ఉంటుంది కాబట్టి దాని మీద పడేది 5, 6 న్యూటన్లు అనుకుందాం. 12 మి.మీ. పిస్టన్ ఉన్న గాలి షాకు ఆ బరువు మోయాలంటే బయటి గాలికన్నా అర బార్ ఎక్కువ ఉంటే చాలు (బయటి గాలి పీడనం సుమారు 1 బార్). సైకిల్ ట్యూబులో ఉండేదాంట్లో నాలుగో వంతు కూడా కాదు. ఇంత తక్కువ ఉండటమే అసలు తంటా.

పొద్దున 30 డిగ్రీల్లో గాలి పట్టావు. పదింటికి తారు కాగి షాకు 50కి చేరింది. లోపలి మొత్తం పీడనం 1.5 బార్ నుంచి 1.6 అవుతుంది. ఏడు శాతమేగా అనిపిస్తుంది. కానీ అందులో 1 బార్ బయటి గాలితో చెల్లు. కారుని ఎత్తి పట్టుకునేది 0.5, ఇప్పుడది 0.6. అయిదో వంతు పెరిగింది! చక్రం దగ్గర కారు అర మిల్లీమీటరు పైనే లేస్తుంది. మనమా, రైడ్ హైట్, అంటే నేల నుంచి చాసిస్ ఎత్తు, 5 మి.మీ. పెట్టుకుని 0.2 తేడా వస్తే కొట్టుకునే జనం.

ఇక నువ్వు చెప్పే ఆ తెలివి. మామూలు టూరింగ్ స్ప్రింగు మిల్లీమీటరుకి రెండున్నర న్యూటన్ల పైన ఉంటుంది. ఆ 12 మి.మీ. గొట్టంలో గాలితో అంత గట్టిదనం రావాలంటే గాలి ఎత్తు ఆరున్నర మిల్లీమీటర్లే ఉండాలి. అది మూడు మిల్లీమీటర్లు నొక్కుకుపోయేసరికి గట్టిదనం మూడు రెట్లు దాటుతుంది. అతుకు మీద బాగానే ఉంటుంది, ఒప్పుకుంటా. కానీ మలుపులో బయటి చక్రాల మీద బరువు పడినప్పుడు కూడా అదే మూడు రెట్లు. టైరు పట్టు వదిలేది అక్కడే.

సెల్లార్_శీను
మామా, గాలి ఎత్తు ఆరున్నరే ఎందుకుండాలి? నేను నూనె తగ్గించి గాలి చోటు పెంచుకుంటా, అప్పుడు అంత నిట్టనిలువుగా గట్టిపడదు. అయినా ఎండ నా గాలికేనా, నీ సిలికాన్ నూనె పలచబడదా?

న్యూటన్_మామ
పలచబడుతుంది. కారు కాస్త ఎక్కువ ఊగుతుంది. అంతేగానీ ఎత్తు మారదు. గాలి చోటు పెంచితే గట్టిదనం తగ్గుతుంది. అది తెద్దామని పీడనం పెంచితే కారు లేస్తుంది. ఒకటి పట్టుకుంటే రెండోది జారుతుంది.

గుంటూరు_ఫోర్క్_మేస్త్రి
నాది బైకుల షెడ్డు, ఈ చిన్న కార్లు మావాడి పిచ్చి. అయినా ఈ తగువు మాకు పాతదే. 1980ల మొదట్లో జపాన్ బైకుల ఫోర్కుల్లో (ముందు చక్రం షాకుల్లో) స్ప్రింగుకి తోడు గాలి పట్టేవాళ్ళు, తర్వాత ఆ మోజు పోయింది. మోటోక్రాస్‌లో, అదే మట్టి ట్రాకు బైకు రేసుల్లో, మళ్ళీ వచ్చింది. 2013లో హోండా సీఆర్ఎఫ్450ఆర్‌కి గాలి ఫోర్కు పెట్టారు, 2017లో తీసేసి స్ప్రింగుకే వచ్చారు. యమహా అసలు స్ప్రింగు వదల్లేదు. కేటీఎం మాత్రం గాలితోనే నిలబడింది, గెలిచింది కూడా. కాబట్టి గాలి పనికిరాదని నేననను.

కానీ ఎక్కడ పనికొస్తుందో చూడాలి. బైకు మీద 55 కిలోల కుర్రాడూ ఎక్కుతాడు, 95 కిలోల ఆసామీ ఎక్కుతాడు. ఆర్టీసీ గరుడ వోల్వోకి గాలి బెలోసు (గాలి నింపిన రబ్బరు తిత్తులు) ఎందుకు? ఖాళీగా ఉన్నా, నిండా జనం ఉన్నా బస్సు ఒకే ఎత్తులో ఉండాలి. బరువు మారేచోట గాలి దేవుడు. మీ కారుకి ప్యాసింజర్లు ఎక్కరు కదయ్యా!

ఇంకోటి, రాపిడి. గాలి ఆగాలంటే ఓరింగు (కడ్డీ చుట్టూ ఉండే రబ్బరు వాషరు) బిగుతుగా ఉండాలి. మనిషి ఎక్కే బైకుకి ఆ బిగుతు లెక్కలోకి రాదు. 340 గ్రాముల మూలకి అదే కొండ. కడ్డీ ముందు అంటుకుపోయి, తర్వాత ఒక్కసారిగా జారుతుంది. చేత్తో నొక్కి చూస్తే తెలిసిపోతుంది.

కూకట్‌పల్లి_కొత్తోడు
స్ప్రింగు షాకుకి పైన తిప్పే కాలర్ రింగు ఉంటుంది కదా, అది బిగిస్తే స్ప్రింగు గట్టిపడదా? అలాగైతే ఒక జత స్ప్రింగులతోనే సరిపెట్టుకోవచ్చు కదా.

డాలస్_కార్పెట్
లేదు తమ్ముడూ, అందరూ పడే పొరపాటే ఇది. కాలర్ బిగిస్తే కారు లేస్తుంది, స్ప్రింగు గట్టిదనం అలాగే ఉంటుంది. ఎత్తుకి కాలర్, గట్టిదనానికి స్ప్రింగు, దేని మీట దానిదే. మామగారు చివర్లో అన్నది ఇదే.

నేనిక్కడ ఇండోర్ కార్పెట్ ట్రాక్ మీద నడుపుతాను. మా గుంపులో పూర్తి గాలి షాకులు వేసినవాళ్ళు ఒక్కరూ లేరు. కానీ గాలి గురించి మేం మాట్లాడుకునేది తక్కువేం కాదు. మీ నూనె షాకులోనూ గాలి ఉంది. 3 మి.మీ. కడ్డీ 10 మి.మీ. లోపలికి వెళ్తే 70 ఘనపు మిల్లీమీటర్ల చోటు ఆక్రమిస్తుంది. నూనె నొక్కుకోదు, మరి ఆ చోటు ఎక్కణ్ణుంచి రావాలి? పైన ఉండే రబ్బరు బ్లాడర్ (మెత్తటి పొర) పైకి ఉబ్బి, దాని వెనకున్న గాలిని నొక్కుతుంది. ఆ గాలి మూతలో బంధించి ఉంటే కడ్డీ దానంతటదే బయటికొస్తుంది, దాన్నే రీబౌండ్ అంటాం. మూతకి చిన్న రంధ్రం ఉంటే రాదు. శీను గారు కోరుకునే ఆ "చివర్లో గట్టిపడటం" కొంచెంగా కావాలంటే మూతకి రంధ్రం లేకుండా చూసుకుంటే చాలు. అయితే నాలుగు షాకుల్లోనూ ఒకే రీబౌండ్ ఉండాలి. లేదంటే కుడికి ఒకలా, ఎడమకి ఇంకోలా తిరుగుతుంది. ఒకసారి దీనివల్లే ఒక సాయంత్రమంతా సర్వో ట్రిమ్ (స్టీరింగ్‌ని నిటారుగా సరిచేసే మీట) తిప్పుతూ కూర్చున్నా.

ఇంకో జాగ్రత్త. ఆన్‌లైన్‌లో పక్కన చిన్న డబ్బా తగిలించి ఉన్న షాకులు చూసి మోసపోకు. చౌకరకాల్లో ఆ డబ్బా అలంకారమే, లోపల గాలీ లేదు, గదీ లేదు.

కూకట్‌పల్లి_కొత్తోడు
అయ్యో, నేను కార్టులో పెట్టింది సరిగ్గా అదే! నీలం డబ్బాది. తీసేస్తున్నా. నూనె షాకులు, మధ్యరకం స్ప్రింగులు ఒక జత, మెత్తవి ఒక జత చాలా అన్నా?

డాలస్_కార్పెట్
చాలు. టీటీ-02కి ముందు మధ్యరకం వేసి చూడు. బుడగలు పూర్తిగా పోయాకే మూత బిగించు. నూనె పోసి పిస్టన్ నెమ్మదిగా ఆడించి, పది నిమిషాలు అలా వదిలెయ్.

న్యూటన్_మామ
శీనూ, ఒక్క ప్రశ్న. పోయిన ఆదివారం నీ కారు ముందు ఎడమ పక్కకి వంగి కనబడింది. అబద్ధం చెప్పకు.

సెల్లార్_శీను
రాత్రంతా నిలబెట్టి ఉంచా మామా, ఒక మిల్లీమీటరు దిగింది, నిజమే. రెండు దెబ్బలు పంపు కొట్టా, సరిపోయింది.

న్యూటన్_మామ
ప్రతి రేసుకీ ముందు కొట్టుకుంటూ కూర్చుంటావా?

సెల్లార్_శీను
నువ్వు ప్రతి రేసుకీ ముందు కాలర్ తిప్పుకుంటూ కూర్చోవా?