అప్‌డేట్: 1000 ఫైళ్ల దగ్గరే ఆగిపోయిన పైథాన్ స్క్రిప్ట్, పరిష్కారం దొరికింది

అమెజాన్ క్లౌడ్ స్టోరేజ్ ఎస్3లో నా బకెట్‌లోని (ఫైళ్లు దాచుకునే చోటు) పాత లాగ్ ఫైళ్లు తీసేయడానికి రాసుకున్న నా స్క్రిప్ట్ ప్రతిసారీ సరిగ్గా 1000 ఫైళ్లే చూపిస్తోందని అడిగాను కదా, కారణం తెలిసింది. సాయం చేసిన అందరికీ థాంక్స్.

పేజినేటర్ (జాబితాను పేజీలు పేజీలుగా చివరిదాకా తెచ్చే సాధనం) వాడమన్న సలహానే పనిచేసింది. ఫైళ్ల జాబితా అడిగే లిస్ట్ కాల్ ఒక్కసారికి గరిష్ఠంగా 1000 పేర్లే ఇస్తుంది. ఇంకా మిగిలి ఉంటే జవాబులోనే ‘ఈజ్‌ట్రంకేటెడ్’ ట్రూ అని వస్తుంది. నేను దాన్ని చూడనే లేదు. ఎర్రర్ ఏదీ రాదు కాబట్టి పని పూర్తయిందనే అనుకుంటాం, అసలు ప్రమాదం అక్కడే. బోటో3 (పైథాన్‌ నుంచి ఎస్3ని వాడుకునే లైబ్రరీ) పేజినేటర్‌తో లూప్ తిప్పగానే అన్నీ వచ్చాయి.

పర్మిషన్లు, రీజియన్ గురించి రెండు రోజులు టెన్షన్ పడ్డాను. వాటికి దీనితో సంబంధమే లేదు.

ఇంకొకటి, గుంపుగా డిలీట్ చేసే కాల్‌కూ 1000 పరిమితి ఉంది. అందుకే ఏ పేజీకి ఆ పేజీ డిలీట్ చేస్తున్నాను.