యెషయా 43:1 “నీవు నా సొత్తు” – పది నిమిషాల ధ్యానంలో “సొత్తు” మాటను ఎలా వివరించాలి?

కూడికకు_వాక్యం:
వందనాలండీ. వారం మధ్య కూడికలో యెషయా 43:1–7 మీద పది నిమిషాల ధ్యానం చెప్పాలి. అంశం “దేవునివారమై ఉండడం”. మూడు చోట్ల ముడి పడింది.

ఒకటి, “సొత్తు” అనగానే ఆస్తి, వస్తువు అనే వినిపిస్తుంది. మనిషిని సొత్తు అనడం ప్రేమగా ఎలా ఉంటుందని ఎవరైనా అడిగితే ఏం చెప్పాలి? రెండు, నిర్గమ 19:5లో “నా మాట శ్రద్ధగా విని నా నిబంధన ననుసరించి నడిచినయెడల” అని షరతు ఉంది. యెషయాలో షరతు కనబడదు. రెంటినీ పక్కపక్కన పెట్టవచ్చా? మూడు, రోమా 8:15 దత్తపుత్రాత్మ (మనల్ని దేవుని దత్తత పిల్లలుగా చేసే ఆత్మ), ఎఫెసీ 1:14 సంచకరువు (బయానా), 1 కొరింథీ 6:19, 1 పేతురు 2:9 – ఇవన్నీ రాసుకున్నాను. పది నిమిషాల్లో పడతాయా?

గొఱ్ఱెల_దొడ్డి:
మొదటి ముడి విప్పడం తేలికే. యెషయా 43:1 చివర హీబ్రూలో ఉన్నవి రెండే మాటలు: “లీ ఆత్తా”. ఉన్నదున్నట్టు చెబితే “నాకు నీవు”, అంటే “నువ్వు నావాడివి”. ఆస్తి అనే అర్థమిచ్చే మాట అక్కడ లేనే లేదు. “సొత్తు” అన్నది మన పాత అనువాదకులు తెలుగు వాక్యం నిండుగా ఉండాలని పెట్టిన మాట. తప్పని అనను, కానీ ధ్యానం బరువంతా దాని మీద వేయకండి.

ఈ అర్థానికి తెలుగులో అచ్చమైన మాట ఉంది: “మావాడు”, “మనవాళ్లు”. “వాడు మావాడండీ” అన్నప్పుడు వాడిని కొనుక్కున్నామని ఎవరూ అనుకోరు. బైబిల్లో కూడా ఈ “వాడు, వారు” వరుస దొరుకుతుంది. యెషయా 44:5లో ఒకడు “యెహోవావాడను” అంటాడు, మరొకడు అదే మాట తన చేతితో రాసుకుంటాడు. కీర్తన 100:3లో “మనము ఆయన వారము”. రోమా 14:8లో బ్రదికినను చనిపోయినను “ప్రభువువారమై యున్నాము”.

కీర్తన 100:3 దగ్గర ఒక సంగతి. హీబ్రూలో “లో” అనే ఒకే శబ్దానికి రెండు రాతలున్నాయి. ఒక రాతలో “కాదు”, మరో రాతలో “ఆయనకు”. ప్రతిలో రాసి ఉన్నది మొదటిది, చదవమని అంచున సూచించింది రెండోది. అందుకే కొన్ని పాత అనువాదాల్లో “మనల్ని మనం చేసుకోలేదు” అన్న భావం కనిపిస్తుంది. మన తెలుగు అనువాదం రెండో దారి పట్టింది. కూడికలో ఇది చెప్పనక్కర్లేదు. ఎవరైనా వేరే బైబిలు పట్టుకుని అడిగితే తడబడకుండా ఉండడానికి.

ఇక 43:1లో అసలు బరువు మోసేది “విమోచించియున్నాను” అన్న మాట. అక్కడి క్రియ “గాఅల్”. దగ్గరి బంధువు విడిపించడానికి వాడే మాట అది. లేవీయకాండము 25:47–49 తీయండి. అప్పుల పాలై పరదేశికి అమ్ముడుపోయినవాడిని అన్నదమ్ముడైనా, పినతండ్రి అయినా, పినతండ్రి కొడుకైనా విడిపించవచ్చు. రూతు 4లో బోయజు చేసిందీ ఇదే కోవలోది. దారిన పోయేవాడు ఈ పని చేయడు. అంటే “నావాడివి” అన్న మాట విడిపించాక కొత్తగా పుట్టింది కాదు. నావాడివి కాబట్టే విడిపించాడు. తాకట్టు విడిపించుకున్న నగ మనకు కొత్త నగ కాదు కదా, అది ముందునుంచీ మనదే.

స్వకీయ_సంపాద్యం:
పై జవాబుకు కలుపుతున్నాను. “సొత్తు” అన్న అర్థం నిజంగా ఉన్న హీబ్రూ మాట “సెగుల్లా”. యెషయా 43:1లో అది లేదు. పాత నిబంధన మొత్తంలో 8 చోట్ల వస్తుంది: నిర్గమ 19:5, ద్వితీయోపదేశకాండము 7:6, 14:2, 26:18, 1 దినవృత్తాంతములు 29:3, కీర్తన 135:4, ప్రసంగి 2:8, మలాకీ 3:17. నిర్గమలోనూ మలాకీలోనూ మన బైబిలు దాన్ని “స్వకీయ సంపాద్యము” అంది.

అర్థం తేల్చేది 1 దినవృత్తాంతములు 29:3. దేవాలయం కోసం దావీదు రాజుగా సిద్ధం చేసినది ఒక లెక్క. అది కాక తన సొంత సెగుల్లాలోంచి ఇచ్చినది ఇంకో లెక్క. తర్వాతి వచనంలో హీబ్రూ లెక్కన 3,000 తలాంతుల బంగారం, 7,000 తలాంతుల వెండి. రాజ్యమంతా రాజుదే, అయినా ఆయన తన దగ్గర విడిగా దాచుకున్న పెట్టె ఒకటుంది. ఇప్పుడు నిర్గమ 19:5 చివరిదాకా చదవండి, “సమస్తభూమియు నాదేగదా” అని ఉంటుంది. భూమంతా ఆయనదే, మీరు మాత్రం ఆ పెట్టెలోవారు అన్నమాట. చాలామంది 5వ వచనాన్ని సగంలో ఆపేస్తారు, దాంతో పోలికే పోతుంది.

షరతు సంగతి. దాన్ని దాచిపెట్టకండి, మెత్తబరచకండి. 19:5 కంటే ముందు 19:4 ఉంది: “మిమ్మును గద్ద రెక్కలమీద మోసి” తన యొద్దకు చేర్చుకున్నానని. ముందు మోసుకొచ్చాడు, తర్వాత నిబంధన మాట. ద్వితీయోపదేశకాండము 7:7 ఇంకో తలుపు మూసేస్తుంది: మీరు విస్తార జనమని కాదు, “సమస్త జనములకంటె మీరు లెక్కకు తక్కువేగదా”.

యెషయాలో షరతు కనబడదన్నారు. కనబడకపోవడానికి కారణం మీరు 43:1 దగ్గర మొదలుపెట్టడం. వెనక్కి 42:18కి వెళ్లండి. గుడ్డివాడు, చెవిటివాడు అని ఎవరిని అంటున్నాడో చూడండి. అది తన జనాన్నే. 42:24లో వాళ్లు ఆయన మార్గాల్లో నడవనొల్లలేదని, ఉపదేశం వినలేదని నేరం మోపాడు. 42:25లో మంట అంటుకున్నా వాళ్ల మనసుకు పట్టలేదు. నిర్గమ 19:5లోని షరతు తప్పినవాళ్లే వీళ్లు. సరిగ్గా ఆ మాట తర్వాతే 43:1 “అయితే” అని మొదలవుతుంది. నా ఉద్దేశంలో మీ ధ్యానమంతా ఆ ఒక్క “అయితే” మీద నిలబడగలదు.

కాలం కూడా గమనించండి. యెరూషలేము క్రీ.పూ. 586లో కూలింది. వాళ్లను చెరపట్టిన బబులోను పారసీక రాజు కోరెషు చేతికి చిక్కింది క్రీ.పూ. 539లో. ఇంకా చెరలో ఉన్నవాళ్లతో “విమోచిస్తాను” అనకుండా “విమోచించియున్నాను” అంటున్నాడు.

ముద్ర_సంచకరువు:
మూడో ప్రశ్నకు నా జవాబు: పడవు. నాలుగు పత్రికల్లోంచి నాలుగు వచనాలు తెస్తే వినేవాళ్లు బైబిలు పేజీలు తిప్పుతూనే ఉండిపోతారు. ఒక్కటే ఉంచుకోండి. అది 1 పేతురు 2:9–10 అయితే మేలు, ఎందుకంటే పేతురు చేతిలో ఉన్నది యెషయా 43వ అధ్యాయమే. యెషయా 43:21 చూడండి: “నా నిమిత్తము నేను నిర్మించిన జనులు నా స్తోత్రమును ప్రచురము చేయుదురు”. పేతురు: “గుణాతిశయములను ప్రచురము చేయు నిమిత్తము… దేవుని సొత్తయిన ప్రజలు”. “ప్రచురము” అన్న మాట తెలుగులోనే రెండు చోట్లా కంటికి కనబడుతుంది. గ్రీకు పాత నిబంధనలో ఈ బంధం ఇంకా దగ్గరగా ఉంటుంది. 10వ వచనం హోషేయది: 1:9లో బిడ్డకు “లో అమ్మీ”, నా జనులు కారు, అని పేరు. 2:23లో ఆ పేరు తిరగబడుతుంది.

“సంచకరువు” వదలబుద్ధి కాకపోతే ఇంకో వారానికి దాచుకోండి. అది కొత్త నిబంధనలో 3 చోట్లే ఉంది (2 కొరింథీ 1:22, 5:5, ఎఫెసీ 1:14), మూడు చోట్లా పరిశుద్ధాత్మ గురించే. గ్రీకు మాట “అర్రబోన్”. వాడుకలో చెప్పాలంటే బయానా, అడ్వాన్సు. సాధారణంగా జరిగే తప్పు దాన్ని “తాకట్టు” అని వివరించడం. తాకట్టు వస్తువు తిరిగి ఇచ్చేయాలి. ఆదికాండము 38:17–18లో యూదా ఇచ్చిన ముద్ర, దారము, కఱ్ఱ అలాంటివి, అక్కడి హీబ్రూ మాట ఈ గ్రీకు మాటకు చుట్టమే అయినా. ఎఫెసీలో సంగతి వేరు: ఇచ్చినది తిరిగి తీసుకోరు, మిగతా మొత్తం దాని వెనకాలే వస్తుంది.

1 కొరింథీ 6:19–20 వాడేవాళ్లకు ఒక హెచ్చరిక. “మీరు మీ సొత్తు కారు” అన్న మాటను మనుషుల్ని అదుపులో పెట్టడానికి వాడేవాళ్లున్నారు. అదే పత్రికలో 7:23 కలిపి చదవండి: “మీరు విలువపెట్టి కొనబడినవారు గనుక మనుష్యులకు దాసులు కాకుడి”. రెండు చోట్లా ఒకే మాట, “విలువపెట్టి కొనబడినవారు”. దేవునివాడైనవాడి మీద ఇంకో మనిషికి హక్కు పత్రం ఉండదు. మంద మీద ప్రభువుల్లా ఉండవద్దని నాయకులకు 1 పేతురు 5:3 ఉండనే ఉంది.

మెల్లగా_చదువు:
దత్తపుత్రాత్మ గురించి చిన్న సవరణ, ఎందుకంటే ఇది తరచు తప్పుగా వినిపిస్తుంది. ఆ ఆత్మ వల్ల మనం దేవుణ్ణి “అబ్బా తండ్రీ” అని పిలుస్తామని రోమా 8:15 అంటుంది. “అబ్బా అంటే పసిపిల్లలు పిలిచే ‘నాన్నా’ అన్న ముద్దుమాట మాత్రమే” అని చెప్పకండి. ఎదిగినవాళ్లూ తండ్రిని అలాగే పిలిచేవారు. జేమ్స్ బార్ అనే పండితుడు 1988లోనే దీన్ని వివరంగా చూపించాడు. కొత్త నిబంధనలో ఆ మాట 3 చోట్లే ఉంది: మార్కు 14:36, రోమా 8:15, గలతీ 4:6. మొదటిది గెత్సేమనేలో, గిన్నె తొలగించమని అడిగి “నా యిష్టప్రకారము కాదు” అన్న ప్రార్థనలో. ముద్దు కంటే నమ్మకమూ విధేయతా ఎక్కువ ఉన్న పిలుపు.

దత్తత అనగానే అనాథ శిశువు బొమ్మ గీయడం కూడా అంతే. రోమీయులు ఎక్కువగా దత్తత తీసుకున్నది పెద్దవాళ్లను, వారసత్వం కోసం. రోమా చక్రవర్తి అగస్టసు క్రీ.శ. 4లో, తన తర్వాత చక్రవర్తి అయిన తిబెరిని దత్తత తీసుకునేసరికి తిబెరి వయసు 44. అందుకే పౌలు రెండు వచనాలు దాటగానే “పిల్లలమైతే వారసులము” అంటాడు. వినేవాళ్లలో స్త్రీలుంటే 8:16లో “పిల్లలము” అనే ఉందని చూపించండి. “పుత్ర” అన్నది మగవాళ్లకే అని ఎవరూ పక్కన కూర్చోనక్కర్లేదు.

ఇంకొకటి. “తండ్రి” అన్న మాట కొందరికి దెబ్బలు గుర్తుచేసే మాట. అలాంటివారు కూర్చున్న చోట “మీ నాన్నను తలచుకోండి, దేవుడు అలాంటివాడే” అనవద్దు. పోలిక అటునుంచి ఇటు రావాలి, దేవుని నుంచి తండ్రికి.

“నేను దేవునివాడినని నాకేమీ అనిపించడం లేదు” అని ఎవరైనా అంటే, ఇంకో వచనం విసరకండి. యెషయా 43:2లో ఉన్నది “నీవు జలములలో బడి దాటునప్పుడు”. దాటితే అనలేదు. నీళ్లు ఉంటాయని ఆ వచనమే ఒప్పుకుంటోంది. నీళ్లు కనబడడం, ఆయన తోడు లేకపోవడం ఒకటి కావని చెప్పి, ఆపై వాళ్లు మాట్లాడేది వినండి.

కూడికకు_వాక్యం:
చాలా ఉపయోగపడిందండీ. 1 పేతురు ఒక్కటే ఉంచుతున్నాను. రెండు సందేహాలు మిగిలాయి. 43:3లో ఐగుప్తు, కూషు, సెబా దేశాలను నీకు బదులుగా ఇచ్చానన్న మాట వస్తుంది. దాన్ని దాటవేయవచ్చా? చదవడం ఏ వచనం నుంచి మొదలుపెట్టాలి?

గొఱ్ఱెల_దొడ్డి:
చదవకుండా దాటవేయవద్దు, వివరించకుండా దాటవేయవచ్చు. అడిగితే ఒక్క మాట చెప్పండి: అది క్రయధనం, అంటే విడుదలకు చెల్లించే వెల, భాష. చెరవాళ్లను వదిలిన పారసీకులకు ప్రతిఫలంగా ఐగుప్తు దక్కుతుందని చాలామంది వ్యాఖ్యాతలు చదువుతారు. కోరెషు కొడుకు కాంబిసెస్ క్రీ.పూ. 525లో ఐగుప్తును జయించాడు. ఐగుప్తీయుల మీద దేవునికి ప్రేమ లేదని మాత్రం ముగించకండి. యెషయా 19:25లో “నా జనమైన ఐగుప్తీయులారా” అన్నది ఆయనే.

చదవడం 42:18 నుంచి 43:7 వరకు 15 వచనాలు. పది నిమిషాలకు అది ఎక్కువ. 42:24–25, వెంటనే 43:1–2, చివర 43:7 చదివితే చాలు. 7వ వచనం ఎందుకంటే, 1వ వచనంలో ఆయన వాళ్లను పేరుపెట్టి పిలిచాడు. 7కి వచ్చేసరికి వాళ్లు “నా నామము పెట్టబడినవారు”. పిలిచింది వాళ్ల పేరుతో, వాళ్ల మీద ఉన్నది ఆయన పేరు. ముగింపు వెతుక్కోనక్కర్లేదు, భాగమే ఇచ్చేసింది.

స్వకీయ_సంపాద్యం:
చదివేటప్పుడు ఒక చిన్న పని. అధ్యాయం మారే చోట “నలభై మూడవ అధ్యాయము, ఒకటవ వచనము” అని ప్రకటించకండి. ఆ అంకెలు తర్వాతి కాలం వాళ్లు పెట్టినవి. “అతడు దాని మనస్సున పెట్టలేదు” అన్న భావంతో 42:25 ముగిశాక ఊపిరి తీసుకునేంత ఆగి, నేరుగా “అయితే యాకోబూ” అనండి. ఇంట్లో రెండుసార్లు పైకి చదివి చూసుకోండి. ఆ చోట గొంతు పెంచాలనిపిస్తుంది, పెంచవద్దు.