పైపు పొగాకు ఆరబెట్టి కాల్చాలా, డబ్బాలోంచి తీసి నేరుగా కాల్చాలా?

గోదారిగట్టు:
కొత్తగా పైపు పట్టిన ప్రతివాళ్లకీ ఇక్కడ ఒకటే సలహా దొరుకుతోంది: మెల్లగా లాగు, నాలుక మండదు. అది సగం మాటే. వర్జీనియా ఫ్లేక్ (వర్జీనియా రకం ఆకును అదిమి పలచని పలకలుగా కోసింది) డబ్బా తెరిచి ఒక చిటికెడు వేళ్ల మధ్య నొక్కి చూడండి. ముద్దగా ఉండిపోయిందంటే ఆ ఆకు ఇంకా కాల్చడానికి పనికిరాదు. ఇంగ్లండులో కెండల్ నుంచి వచ్చే శామ్యూల్ గావిత్ ఫ్లేకులు తాగినవాళ్లకు తెలుసు, వాటికి రుచిలో ఎంత పేరో తడిలోనూ అంత పేరు. డబ్బాలో తడి ఉంచేది ఆకు నలిగిపోకుండా, లోపలే మాగడానికి. కాల్చేటప్పుడు ఆ తడి మనకు శత్రువు.

లెక్క వేసి చూడండి. బౌల్‌లో, అంటే పైపు గిన్నెలో, 3 గ్రాముల పొగాకు పట్టి, అందులో 20 శాతం తడి ఉంటే నీరే 0.6 గ్రాములు. మరిగే నీరు ఒక గ్రాము ఆవిరి కావాలంటే సుమారు 2,260 జౌళ్ల వేడి కావాలి. అదంతా నిప్పులోంచే పోతుంది. నిప్పు ఆరబోతుంది, మనం గట్టిగా లాగుతాం, ఆవిరి నోట్లోకి వచ్చి నాలుక మీద చల్లబడుతూ ఆ వేడిని అక్కడే వదులుతుంది. 12–14 శాతానికి ఆరనిస్తే ఈ బాధ చాలా తగ్గుతుంది. నొక్కి వదిలితే మెల్లగా విచ్చుకోవాలి, పొడి రాలకూడదు. నేను చూసుకునే గుర్తు అంతే.

సన్ననిపొగ:
గోదారిగట్టు గారూ, నీరంతా ఆకు తడిలోంచే వస్తుందన్నట్టు రాశారు. ఆకు కాలడం వల్లే నీరు పుడుతుంది కదండీ. ఒక గ్రాము సెల్యులోజ్ పూర్తిగా కాలితే సుమారు 0.55 గ్రాముల నీరు వస్తుంది. పైపులో ఏదీ పూర్తిగా కాలదు, నిజమే. అయినా ఎంత ఆరబెట్టిన పొగాకైనా పైపు కాండంలో, అంటే పొగ లాగే గొట్టంలో, కొంత గురగుర పెడుతుంది, పైపు క్లీనర్ దూర్చక తప్పదు.

బాగా ఎండిన ఆకు గబగబా కాలిపోతుంది, పొగ పల్చబడి ఘాటు మాత్రమే మిగులుతుంది. అసలు నేర్చుకోవలసింది చేతి పని. ఫ్లేకును నలిపి, అడుగున వదులుగా, పైన కాస్త బిగువుగా నింపాలి. ఖాళీగా లాగి చూస్తే గాలి తేలిగ్గా రావాలి. మొదటి అగ్గిపుల్లకి పైపొర నల్లబడి పైకి లేస్తుంది. దాన్ని ట్యాంపర్ (పొగాకు అణిచే చిన్న పనిముట్టు) బరువుతోనే అణిచి, రెండోసారి వెలిగించాలి. ఆ తరవాత పైపు నోట్లో ఉండగానే ముక్కుతో ఊపిరి తీస్తూ, వదిలే ఊపిరిలో కొంచెం కాండంలోకి పోనివ్వాలి. నిప్పు బతికే ఉంటుంది, వేడెక్కదు. బౌల్ చెంపకు ఆనించలేనంత వేడిగా ఉంటే పక్కన పెట్టేయండి. ఆరిపోతే మళ్లీ వెలిగించుకోండి, అందులో నామోషీ ఏముంది?

గోదారిగట్టు:
మీరు చెప్పిన ఊపిరి పద్ధతి నేనూ పాటిస్తాను. కానీ తడి ఆకుతో అది సాగదు, నా వాదన అక్కడే ఉంది. అంత మెల్లని గాలికి తడి నిప్పు నిలవదు. కొత్తవాళ్లు గట్టిగా లాగేది ఓపిక లేక కాదు, ఆకు అలా లాగిస్తుంది.

కందుకూరు_బ్యారన్:
నేను పైపు తాగను. మాది పొగాకు పండించే ఇల్లు, అందుకని ఒక మాట. ఆరబెడితే వర్జీనియా రుచి పోతుందన్న భయం నాకు అర్థం కాదు. ఆ తీపి పుట్టేదే బ్యారన్లో, అంటే ఆకును వేడితో క్యూరింగ్ చేసే కొట్టులో. ఆకు పసుపెక్కే దశలో పిండిపదార్థం చక్కెరగా మారుతుంది. తరవాత ఈనె ఎండేదాకా వేడి పెంచుకుంటూ 70 డిగ్రీల దగ్గరికి తీసుకెళ్తాం. క్యూరింగ్ అయ్యాక ఆకు పట్టుకుంటే అప్పడంలా విరిగిపోతుంది, తలుపులు తీసి గాలిలో చెమ్మ తగలనిచ్చి మెత్తబడ్డాకే దించుతాం. అంత వేడి తట్టుకున్న చక్కెర మీ బల్ల మీద అరగంటలో ఎగిరిపోదు. తడి ఎక్కువైతే ఏమవుతుందో మాకు బాగా తెలుసు, బూజు పడుతుంది. తడి బేలును వేలం కేంద్రంలో కొనేవాడు ఎవడూ ముట్టడు.

సన్ననిపొగ:
చక్కెర సంగతి ఒప్పుకుంటాను అన్నా. కానీ వెనిల్లా, చెర్రీ వాసన పట్టించిన అరోమాటిక్ మాటేంటి? ఆ వాసన చివర్లో పైన చల్లేది, గాలికి ముందు పోయేది అదే. పైగా వాటిలో చాలావాటికి ప్రొపిలీన్ గ్లైకాల్ కలుపుతారు. దాని మరుగు స్థానం 188 డిగ్రీలు, నీరు పోయినా అది పోదు. ఎంతసేపు ఆరబెట్టినా జిగట అలాగే ఉంటుంది, వాసన మాత్రం తగ్గిపోతుంది. అందరికీ ఒకే సూత్రం చెప్పొద్దంటున్నాను.

సాగరతీరం:
మీరెవరూ ఊరి గాలి సంగతి ఎత్తలేదు. మే నెలలో హైదరాబాద్ మిట్టమధ్యాహ్నం ఫ్లేకు విప్పి పెట్టి మరిచిపోతే సాయంత్రానికి నలిపితే పొడైపోతుంది. మా విశాఖలో వానాకాలం రోజంతా బయట పెట్టినా మెత్తగానే ఉంటుంది, ఒక్కోసారి ఇంకా తడి పీలుస్తుంది. గడియారం చూసి అరగంట, గంట అని చెప్పకండి, వేళ్లతో చూడమనండి. మేం పలచగా పరిచి టేబుల్ ల్యాంప్ కింద పెడతాం. లటాకియా (పొగబెట్టి ఆరబెట్టిన ఆకు) కలిసిన మిశ్రమాలు కాస్త ఎక్కువ ఆరినా నాకు బాగానే అనిపిస్తాయి, ఆ పొగ వాసన ఆకును పట్టుకునే ఉంటుంది.

ఇంకో సంగతి. నాలుక మంట రోజుల తరబడి తగ్గకపోయినా, నోట్లో తెల్లమచ్చ కనిపించినా తడి మీదికో పద్ధతి మీదికో నెట్టేసి ఊరుకోకండి, డాక్టరుకు చూపించుకోండి. పొగ లోపలికి పీల్చకపోయినా నోటి క్యాన్సర్ ముప్పు పైపుకూ ఉంది.

గోదారిగట్టు:
సరే సన్ననిపొగ గారూ, అరోమాటిక్‌లను పక్కన పెడదాం. మాటలు కాదు, వర్జీనియా ఫ్లేకు మీదే పోల్చి చూద్దాం. ఒకే డబ్బా, ఒకే బరువు తూచిన రెండు భాగాలు, ఒకటి ఆరబెట్టింది, ఒకటి ఉన్నది ఉన్నట్టు. వాడుతున్న బ్రయర్ (చెక్క) పైపులైతే పాత రుచి అడ్డొస్తుంది కాబట్టి రెండు కొత్త కార్న్ కాబ్ (మొక్కజొన్న కండెతో చేసిన) పైపులు తీసుకోండి. ఎన్నిసార్లు మళ్లీ వెలిగించారో, అడుగున ఎంత తడి ముద్ద మిగిలిందో రాయండి.

సన్ననిపొగ:
చేస్తాను. కాకపోతే రెండూ వరసగా ఒకే పూట కాల్చను. మొదటిదానికి నాలుక మొద్దుబారితే రెండోదాని రుచి ఎలా తెలుస్తుంది? రెండు రోజులు, ఒకే వేళ, భోజనం అయ్యాక. ఏ రోజు ఏది కాల్చాలో మా ఆవిడతో చీటీ తీయిస్తాను.