అప్‌డేట్: స్పానిష్ క్రియ 'అబ్రిగార్' అర్థమైంది

మాడ్రిడ్‌లో చలికాలం బయటికి వెళ్తుంటే ఇంటి యజమానురాలు 'అబ్రీగతే!' అంటారని, దాని అర్థం 'కోటు వేసుకో' అనేనా అని అడిగాను. మీ జవాబులకు మనసారా కృతజ్ఞతలు.

'అబ్రీగో' అంటే కోటే కానీ, 'అబ్రిగార్' అనే క్రియ అర్థం అంతకంటే పెద్దది. స్వెటర్, మఫ్లర్, టోపీ, ఏదైనా సరే, చలి తగలకుండా ఒళ్లు కప్పుకోవడమే 'అబ్రిగార్సే'. కానుకను కాగితంలో చుట్టడానికి ఈ మాట పనికిరాదు. దానికి 'ఎంబోల్బేర్' ఉంది. పడుకున్న బిడ్డకు దుప్పటి సరిచేసి కప్పడం 'అరోపార్'.

నన్ను కదిలించింది దీని మూలం. ఎండలో వెచ్చబెట్టడం అనే అర్థమున్న లాటిన్ 'అప్రికారే' నుంచి వచ్చిందట. గాలి తగలని చాటును కూడా 'అబ్రీగో' అంటారు. 'అబ్రిగార్ ఎస్పెరాన్థాస్' అంటే ఆశలు పెట్టుకోవడం. సందేహాలకూ ఇదే క్రియ వాడతారు. ఆశను చలి తగలకుండా గుండెలో కప్పి ఉంచుకోవడం ఎంత అందమైన ఊహ!

నిన్న ఇంటి యజమానురాలు బజారుకు బయలుదేరుతుంటే నేనే ముందుగా, గౌరవరూపంలో 'అబ్రీగెసే' అన్నాను. నవ్వుతూ మఫ్లర్ చుట్టుకున్నారు.